ఖాళీ గిన్నెల వారం

సోమవారం, పలకలు తుడిచి వచ్చాక

పొద్దున సోలార్ పలకలు తుడిచేటప్పుడు ఎవరి గాజులు ఎక్కడున్నాయో చూస్తే చాలు, ఎవరు కార్డు ఎంత వాడేశారో నాకు తెలిసిపోతుంది.

మణికట్టు మీది పచ్చబొట్టే మాకు కార్డు. వాడినకొద్దీ రంగు ముదురుతుంది, బిల్లు కట్టగానే వెలుస్తుంది. లిమిట్ మొత్తం అయిపోతే నల్లబడుతుంది. నల్లబడిన చెయ్యి చాపితే కొళాయి కూడా నీళ్ళు వదలదు. అందుకే వాడకం ఎక్కువైన ఆడవాళ్ళు గాజులు కిందికి లాక్కుని కప్పుకుంటారు, మగవాళ్ళు మండుటెండలో కూడా పొడుగు చేతుల చొక్కాలు వేస్తారు. మా అమ్మ మాత్రం గాజులను మోచేతి దాకా ఎగదోసుకుని తుడుస్తుంది. తన లేత ఆకుపచ్చ చెయ్యి వరస మొత్తానికీ కనబడాలి.

కదిరి దాటాక కనుచూపు మేర ఎండను పట్టే పలకలే. వాటి దుమ్ము దులపడానికి కట్టిన కాలనీ మాది. నేను ఎకనామిక్స్ చదివి వచ్చి ఇక్కడే కార్డు సలహాదారుగా చేరాను. జీతం కార్డు కంపెనీది. పెద్ద ఖర్చేదైనా బిల్లు తేదీ దాటిన మర్నాడు పెట్టుకోండి, గడువులోగా మొత్తం కట్టండి, రంగు మూడో వంతు దాటనివ్వకండి, కార్డు మీద నగదు తీయకండి అని చెప్తుంటాను. అందరూ తలలూపుతారు. ఆఖర్లో ఎవరో ఒకరు, "అయినా మినిమం కడితే చాలంట గదా పాపా" అంటారు. అప్పుడు నాకు బెంగళూరు రైలెక్కి వెళ్ళిపోవాలనిపిస్తుంది.

కొత్త రూలు ఈ రోజు నుంచే. హాల్లో నేనే చదివి వినిపించాను. మంచి రూలని మనస్ఫూర్తిగా చెప్పాను కూడా. మొన్నటి దాకా మనిషి ఐదు చోట్ల అప్పు చేసినా పచ్చబొట్టుకు ఒక్క చోటిదే తెలిసేది. చెయ్యి లేతగా ఉండేది, ఇల్లు మునిగిపోయేది. ఇకనుంచి ఎక్కడ తీసుకున్న అప్పయినా అదే రంగులో కనబడుతుంది. లైసెన్సు లేకుండా వడ్డీకి ఇచ్చేవాళ్ళ కార్డు రద్దవుతుంది.

"గిన్నెడు చక్కెర బదులు తెచ్చుకుంటే అది గూడా ఎక్కుతుందా పాపా?" అని కుల్లాయమ్మత్త అడిగింది. హాలంతా నవ్వింది. అందరికంటే ఎక్కువ నవ్వింది నేనే.

బుధవారం

కుల్లాయమ్మత్తకు నోటీసు వచ్చింది.

డిపో గేటు దగ్గర బొరుగుల ఉగ్గాణి, మిరపకాయ బజ్జీల బండి ఆమెది. భర్త పోయాక ఆ బండి మీదే బతుకుతోంది. నేను చెప్పేవన్నీ నేను పుట్టకముందు నుంచే చేస్తున్న మనిషి. నూనె, బొరుగులు బిల్లు తేదీ మర్నాడే తెప్పించుకుంటుంది, గడువుకు ముందే కట్టేస్తుంది. ఆమె గాజులు కిందికి దిగడం నేనెప్పుడూ చూడలేదు.

చెయ్యి చాపి, పచ్చబొట్టులోంచి వచ్చే నోటీసు వినిపించింది. లైసెన్సు లేకుండా, పెరుగుదలతో, అలవాటుగా అప్పులివ్వడం. ఈ శుక్రవారం మొదటి విచారణ, వచ్చే శుక్రవారం తుది విచారణ. నేరం రుజువైతే కార్డు రద్దు. కార్డు పోతే నూనె లేదు, బండికి నీళ్ళు లేవు, బండే లేదు.

"నేను వడ్డీకి తిప్పుతానంట పాపా," అంది అరుగు మీద కూర్చుని. "మా ఆయన బతికుండి ఈ మాట ఇనింటే నవ్వలేక సచ్చేటోడు. పది రూపాయలు లెక్కపెట్టమంటే రెండుసార్లు తప్పు చెప్తుందీ, ఇది వడ్డీ లెక్క ఏం కడతాది అనేటోడు."

ఈ ఆరోపణ ఎక్కడినుంచి వచ్చిందో వెతికాను. వంటింటి అర. ప్రతి ఇంట్లో కంపెనీ బిగించిన తూకపు అర ఉంటుంది. బియ్యం తగ్గితే తనే కనిపెట్టి బస్తా తెప్పిస్తుంది, బిల్లు పచ్చబొట్టు మీద పడుతుంది. మా కాలనీలో స్టీలు గిన్నె కొంటే పేరు చెక్కించకుండా ఇంటికి తీసుకురారు. అర ఆ పేర్లు చదువుతోంది. 'కుల్లాయమ్మ' అని చెక్కిన గిన్నె చక్కెరతో బయటికి పోయింది, షంషాదక్క ఇంటి అర మీద కనబడింది, మళ్ళీ శెనక్కాయలతో వెనక్కి వచ్చింది. వచ్చేటప్పుడు బరువు ఎక్కువ. ఇలా ఒకటి కాదు, ప్రతి ఇంటితోనూ. ఇక్కడ గిన్నెను ఖాళీగా ఎవరూ తిరిగి పంపరు కదా. ఆ ఎక్కువను కంపెనీ వడ్డీ అంటోంది.

శుక్రవారం, మొదటి విచారణ అయ్యాక

శశిధర్ సార్ బెంగళూరు ఆఫీసు నుంచి వచ్చారు. నా పై అధికారి. గొంతు పెంచని మనిషి, ఇచ్చిన టీ మొత్తం తాగి గ్లాసు తనే కడిగి పెట్టారు. చెడ్డవాడైతే నాకు సుఖంగా ఉండేది.

హాల్లో ఆడవాళ్ళందరినీ కూర్చోబెట్టి ఒకే ప్రశ్న అడిగారు. "ఈమె దగ్గర మీరు ఏమైనా తీసుకున్నారా? తీసుకుంటే తిరిగి ఇచ్చారా?"

మొదట లేచింది పక్కింటి షంషాదక్క. "సార్, మేము ఎవురి సొమ్మూ ఉంచుకునే రకం కాదు. గిన్నెడు చక్కెర తెచ్చుకున్నా. దాని మీద గోపురం మాదిరి శెనక్కాయలు పోసి పంపిచ్చినా. అడగండి ఆమెను."

మా అమ్మ ఊరుకుంటుందా. "శెనక్కాయలేముందిలే, యాడైనా దొరుకుతాయి. నేను రవ్వంత నూనె తెచ్చుకుని నేతి బక్ష్యాలు పంపినా సార్. ఆ యమ్మ గిన్నె నా చేతుల మీద ఒక్కనాడు ఖాళీగా పోలేదు."

ఇంకెవరో పప్పుల పొడి అన్నారు. ఇంకెవరో తాడిపత్రి నుంచి వచ్చిన బెల్లం అన్నారు. ఎవరికి వాళ్ళు తమ పరువు నిలబెట్టుకుంటున్నారు. ఒక్కో మాటా కుల్లాయమ్మత్త మెడకు ఇంకో చుట్టు చుడుతోంది. నేను కళ్ళతో సైగ చేశాను. "కంట్లో నలుసు పడిందా ఏమే?" అంది అమ్మ, అందరికీ వినబడేలా.

అన్నిటికంటే ఘోరం, కుల్లాయమ్మత్త ముఖం వెలిగిపోతోంది. "మా కాలనీ వాళ్ళు శానా మర్యాదస్తులు సార్," అంది.

బయటికి వచ్చాక సార్ నాతో నెమ్మదిగా అన్నారు. "నర్మదా, నాకిది ఇష్టమైన పని కాదు. కానీ ఇదే జిల్లాలో ఇరుగుపొరుగు చేబదుళ్ళతో మొదలై ఉరి దాకా పోయిన ఇళ్ళు నేను చూశాను. అక్కడ కూడా అందరూ మంచివాళ్ళే. ఈమె దగ్గర వడ్డీకి అప్పు తీసుకున్నామని ఆడవాళ్ళంతా సంతకాలు పెడితే వాళ్ళకు రెండు నెలలు వడ్డీ మాఫీ. ఆ సంతకాలు మీరు చేయించండి. మీ పేరు బెంగళూరుకు నేను పంపుతాను."

అవునని అనలేదు. కాదని కూడా అనలేదు. డిగ్రీ చేతికి వచ్చినప్పటి నుంచి నేను ఎదురుచూస్తున్న మాట అది.

శనివారం

సంతకాల కాగితం తీయలేదు. రూలు తీశాను. హాల్లో నేను చదివింది కంపెనీ పంపిన సారాంశం మాత్రమే, అసలు రూలు ఎవరూ చదవరు. పలకల నీడలో కూర్చుని మొత్తం చదివాను.

తిరిగి రావాలన్న ఎదురుచూపుతో ఇచ్చినదే అప్పు. అంతే ఉంది. తిరిగి రాకపోయినా ఇచ్చినామె మారకుండా ఉంటే అది అప్పు కాదు, ఆమె వ్యాపారీ కాదు. కంపెనీ చూసేది అర చెప్పే లెక్క. కాబట్టి విచారణ దాకా గిన్నెలు ఖాళీగా తిరిగి వెళ్ళాలి.

ఇంత తేలికైన పనికి ఇంత కష్టపడతానని అనుకోలేదు.

"తల మాడిందా నీకు?" అంది అమ్మ.

"ఒక్క వారం మా."

"వారమైనా, పూటైనా. ఖాళీ గిన్నె ఇయ్యడమంటే తలుపు మూసినట్ల. మీ నాయన పోయిన నెలలో గూడా నేనెవురికీ ఖాళీ గిన్నె ఇయ్యలేదు."

"నింపి ఇస్తే ఆమె బండి పోతాది. ఏం కావాలో చెప్పు, నీ పరువా, ఆమె బండా?"

అమ్మ విసురుగా వంటింట్లోకి వెళ్ళింది. తర్వాత కుల్లాయమ్మత్త గిన్నె తోమి తుడిచి నా చేతికిచ్చింది. మెట్లు దిగుతుంటే లోపల ఏదో గలగలమంది. చూస్తే చిన్న బెల్లం గడ్డ. వెనక్కి వెళ్ళి ఆమె ముందే నోట్లో వేసుకున్నాను.

సాయంత్రానికి ఇంటింటికీ తిరిగాను. షంషాదక్కను ఒప్పించడానికి రెండు టీలు పట్టాయి. "నీ మాట ఇని సిగ్గిడుస్తాండా," అంది. "ఇది బెడిసి కొట్టిందనుకో, నీ పెండ్లికి నేను ఖాళీ చేతులతోనే వస్తా, గుర్తుపెట్టుకో." కుల్లాయమ్మత్తకు మాత్రం చెప్పవద్దని అందరికీ చెప్పాను. చెబితే ఆమె ఒప్పుకోదు.

ఆదివారం

మొదటి గిన్నె నేనే పట్టుకెళ్ళాను. బండి దగ్గర కుల్లాయమ్మత్త నానిన బొరుగులు పిండుతోంది. గిన్నె అందుకుని లోపలికి చూసింది. పక్కకు వంచి మళ్ళీ చూసింది. ఇక నాకు చీవాట్లే అనుకున్నాను.

"నర్మదా," అంది గొంతు తగ్గించి. "మీ ఇంట్లో అంత ఇబ్బందొచ్చిందా?"

"లేదత్తా, ఊరికే..."

"నాకు చెప్పకూడదా పాపా. మీ యమ్మ ముఖమైనా సూపియ్యకుండా నిన్ను పంపిచ్చిందంటే..." మాట పూర్తి చెయ్యలేదు. చెయ్యి తుడుచుకుని ఇంట్లోకి వెళ్ళి, గిన్నె నిండా కందిపప్పు పోసుకొచ్చి నా చేతుల్లో పెట్టింది. మీదనుంచి కాగితంలో వేడి బజ్జీలు.

నేను కందిపప్పు గిన్నెతో మెట్లు ఎక్కుతున్నాను. చదివిన ఎకనామిక్స్‌లో ఇది ఎక్కడా లేదు.

మంగళవారం

కాలనీ అంతా మాట నిలబెట్టుకుంది. అదే వచ్చిన చిక్కు. ప్రతి ఇంటినుంచీ ఆమెకు ఖాళీ గిన్నెలు. ప్రతి ఇంటికీ ఆమె దగ్గర్నుంచి మూడింతలు. బియ్యం, పప్పు, నూనె. షంషాదక్క ఇంటికి ఏకంగా పాలపొడి డబ్బా వచ్చింది. "నా కోడలు కడుపుతో ఉండాదని ఎవురు చెప్పినారే ఆమెకు?" అని షంషాదక్క ఏడుపు ముఖం పెట్టింది.

బండి దగ్గరికి వెళ్ళాను. కుల్లాయమ్మత్త గాజులు మణికట్టు మీదికి దిగి ఉన్నాయి.

పక్కకు జరిపి చూశాను. ముదురు ఆకుపచ్చ ఎప్పుడో దాటిపోయింది. నేరేడు పండు రంగు.

"అత్తా, సోమవారం నీ బిల్లు గడువు. ఎట్ల కడతావు?"

"ఈ ఒక్కసారి మినిమం కడతాలే. నువ్వే సెప్తావు గదా, అట్లాంటిదొకటి ఉండాదని."

ఎప్పుడూ వద్దనే చెప్పాను. ఇంతకాలం పైసా వడ్డీ కట్టని మనిషిని నా ఉపాయం వడ్డీలోకి నెడుతోంది.

"ఇయ్యడం ఆపత్తా. వాళ్ళు అడగలేదు కదా."

"నోరు తెరిచి అడగలేకనే గిన్నె ఖాళీగా పంపిచ్చినారు. ఆ మాత్రం తెలీదా నాకు? కాలనీకి ఏదో అయింది పాపా. నీకు జీతమిస్తాండేది ఇదంతా సూసుకోమనే గదా. ఏం సూస్తాండావు మరి?"

గురువారం

ఎవరో చెప్పేశారు. షంషాదక్కే అయి ఉంటుంది, పాలపొడి ఆమెను నిద్రపోనివ్వలేదు.

మధ్యాహ్నం ఎండలో మా ఇంటికి వచ్చి గుమ్మంలోనే నిలబడింది కుల్లాయమ్మత్త. అమ్మ నీళ్ళిస్తే తీసుకోలేదు.

"నా గిన్నెలు ఖాళీగా పంపిచ్చమని ఇంటింటికీ చెప్పింది నువ్వేనంట."

"నీ బండి కోసమత్తా."

"నా బండి కోసం ఇంతమంది ఆడోళ్ళను తలొంచుకుని తిరిగేటట్ల చేస్తివి. నన్నొక మాట అడిగినావా?"

"అడిగితే ఒప్పుకుంటావా?"

"ఒప్పుకోను. అందుకే అడగాల్సింది." కొంగుతో ముఖం తుడుచుకుంది. "రేపు ఆ సార్ అడిగితే నేను ఉన్నదే చెప్తా. వాళ్ళు ఇస్తారని నాకు తెలుసు అనే చెప్తా. ఇయ్యనోళ్ళు అని మాత్రం నా నోటితో అనను. బండి పోతే పోనీ."

వెళ్ళిపోయింది. అమ్మ నా వైపు చూడకుండా గ్లాసులోని నీళ్ళు తులసి కుండీలో పోసింది. పచ్చి మిరపకాయ కొరికినట్టుంది నాకు. కోపం ఆమె మీద కాదు. ఇంత మంచితనాన్ని నేరంగా తూచే అర మీద, ఆ అరను నమ్ముకుని నేను వేసిన పథకం మీద.

శుక్రవారం

ముందు శశిధర్ సార్ సంతకాల కాగితం అడిగారు. ఖాళీగా ఇచ్చాను. ఆయన దాన్ని పక్కన పెట్టారు. ఆడవాళ్ళ వైపు తిరిగి, ఈ వారం గిన్నెల్లో ఏం తిరిగి ఇచ్చారని అడిగారు.

షంషాదక్క నేల చూపులు చూస్తూ లేచింది. తర్వాత తలెత్తింది. "ఏమీ ఇయ్యలేదు సార్. ఇయ్యం గూడా. సంతకమూ పెట్టం."

అమ్మ లేచింది. "నేనూ అంతే." ఆ రెండు మాటలకు ఆమె చెవులు ఎర్రబడ్డాయి. ఒకరి తర్వాత ఒకరు లేచారు. ఆ హాల్లో ఇంత సిగ్గును ఇంత ధైర్యంగా మోసినవాళ్ళను నేను చూడలేదు.

సార్ కుల్లాయమ్మత్త వైపు తిరిగారు. "అమ్మా, మీరు ఇచ్చినవి తిరిగి వస్తాయని అనుకున్నారా?"

"అనుకున్నా సార్. వీళ్ళు ఇచ్చేటోళ్ళే. ఇప్పుడు ఇయ్యలేదంటే, కుదర్లేదు, అంతే."

ఆయన వేలు చేతిలోని ట్యాబ్ మీద రాయడానికి కదిలింది. ఎదురుచూపు ఉంది. అంటే అప్పే. ఇంకొక్క గీత, బండి పోతుంది.

లేచి నిలబడ్డాను. ఏం మాట్లాడాలో ముందు అనుకోలేదు. "సార్, ఆమె మాట తర్వాత. మీరు నమ్మేది అరనే కదా. అర ఏం చెబుతోందో చదవండి. పైకి చదవండి."

"చూశాను నర్మదా. తిరిగి రాలేదు."

"తిరిగి ఇవ్వనివాళ్ళకు ఆమె ఏం చేసిందో కూడా ఉంది. అది చదవండి."

ఆయన చదివారు. మొదట లోపల, తర్వాత పైకి. ఖాళీ గిన్నె వచ్చింది, కందిపప్పు పోయింది. ఖాళీ గిన్నె, బియ్యం. ఖాళీ గిన్నె, నూనె, పాలపొడి. చదివేకొద్దీ గొంతు నెమ్మదించింది.

"ఎగ్గొట్టినవాళ్ళకు ఇంకా ఎక్కువ ఇచ్చే వడ్డీ వ్యాపారిని మీ ఉద్యోగంలో ఎక్కడైనా చూశారా సార్?"

"ఇది వ్యాపారమైతే ఈమె నెల తిరక్కుండా దివాలా తీస్తుంది," అన్నారు తనలో తను.

"వ్యాపారం కాదు కాబట్టే దివాలా దాకా వచ్చింది. చెయ్యి చూపించత్తా."

కుల్లాయమ్మత్త గాజులు జరపలేదు. నేను వెళ్ళి ఆమె పక్కన నిలబడ్డాను. అప్పుడు తనే జరిపింది. దాదాపు నలుపు. హాల్లో ఎవరూ గుసగుసలాడలేదు. ఆయన ఆ చేతిని చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, ట్యాబ్ మీద ఏదో కొట్టేశారు. "కేసు లేదు," అన్నారు.

తలుపు దగ్గర నన్ను ఆపారు. "వాళ్ళకు ఇలా చెప్పమని నేర్పింది మీరే కదా?"

"గిన్నెలు ఖాళీగా పంపమన్నది నేనే. ఆమె నింపి పంపుతుందని మాత్రం నాకు తెలియదు సార్."

"అదొక్కటే మిమ్మల్ని కాపాడింది." ఒక కాగితం ఇచ్చారు. ఇకనుంచి కాలనీలో ఎవరూ గిన్నెలు ఇచ్చిపుచ్చుకోకుండా చూస్తానని నేను రాసివ్వాలి. ఇస్తే ఉద్యోగం ఉంటుంది, బెంగళూరు సంగతి తర్వాత ఆలోచించొచ్చు.

"రాసివ్వను సార్."

"ఆలోచించుకోండి."

"ఆలోచించే చెప్తున్నాను."

ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. కోపంగా లేదు. అది ఇంకా మండించింది.

సోమవారం, గడువు తేదీ

కేసు పోయింది, బిల్లు ఉంది. కాలనీ తిన్న పప్పుకు, నూనెకు కుల్లాయమ్మత్త చెయ్యి దాదాపు నల్లబడి ఉంది. ఆమెకు గిన్నెల్లో తిరిగి పోస్తే శశిధర్ సార్ ట్యాబ్‌లో కేసు మళ్ళీ తెరుచుకుంటుంది. కానీ బండి దగ్గర తినడం అప్పు కాదు, కొనుక్కోవడం. శనివారం పొద్దున్నే ఈ మాట చెప్పాను. ఈసారి ముందు ఆమెకే చెప్పాను. "ధర తగ్గించను," అంది. "ఉచితం అసలు ఇయ్యను. ఉగ్గాణి ఉగ్గాణే."

మూడు రోజులుగా కాలనీలో ఒక్క పొయ్యి వెలగలేదు. పొద్దున ఉగ్గాణి, మధ్యాహ్నం ఉగ్గాణి, సాయంత్రం మళ్ళీ వరస. పచ్చబొట్లు తాకిస్తూ కొంటున్నారు. తాడిపత్రి లారీల వాళ్ళు కూడా వరస చూసి ఆగారు. "ఇంకొక్క బజ్జీ తింటే నేను హాస్పిటల్ బిల్లు కట్టాల్సొస్తాది," అని షంషాదక్క నిలబడే తింటోంది. నా ప్లేటులో మిరపకాయలు మిగతావాళ్ళకంటే ఎక్కువ పడుతున్నాయి. కుల్లాయమ్మత్త ఇంకా నాతో సరిగ్గా మాట్లాడడం లేదు. ఇది ఆమె మాట్లాడే పద్ధతి అనుకుంటున్నాను.

గడువు ముగిసేలోగా బిల్లు మొత్తం కట్టింది. మినిమం కాదు, మొత్తం. పచ్చబొట్టు వెలిసి లేత రంగుకు వచ్చేదాకా అందరం ఆమె చెయ్యి చుట్టూ మూగి చూశాం.

నా ఉద్యోగం పోయినట్టు ఈ పొద్దునే కబురు వచ్చింది. మధ్యాహ్నం కొళాయి దగ్గర, కంపెనీ నోటీసు పక్కన, ఇది రాసి అంటించాను:

"బిల్లు మొత్తం కట్టండి, మినిమం దగ్గర ఆగకండి. రంగు మూడో వంతు దాటనివ్వకండి. రూలు మారితే సారాంశం కాదు, రూలే చదవండి, చదవడం రాకపోతే చదివించుకోండి. అప్పు చేస్తే ఒప్పుకోండి. అప్పు కానిదాన్ని అప్పని సంతకం పెట్టమంటే ఎవరు అడిగినా పెట్టకండి. కొత్త రూలు ఆఖరి పేజీ ప్రకారం వంటింటి అర అక్కర్లేదంటే, విచారణ లేనప్పుడు, విప్పించి వెనక్కి ఇవ్వొచ్చు, కార్డు పోదు. సారాంశంలో ఆ పేజీ లేదు. సందేహాలుంటే నర్మద దగ్గరికి రండి. ఇప్పుడు నాకు కంపెనీ జీతం లేదు, కాబట్టి మొత్తం చెప్తాను."